ఎవర్ని బయటికి పంపారు?

నాలుగేళ్ళపాటు ప్రతి గురువారం మధ్యాహ్నం ఎవరో ఒక కుర్ర డాక్టరు వీరవేణి ఎదురుగా కూర్చుని, ఆమె భర్త ఇక బతకడని ఆమెకు చెప్పేవాడు. ఆమె ఒక్కోసారి ఏడ్చేది, ఒక్కోసారి కోప్పడేది, ఒక్కోసారి ఏమీ అర్థం కానట్టు చూసేది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "మళ్ళీ మొదట్నించి చెప్పండి బాబూ, ఇందాక తొందరపడ్డారు" అనేది.

అది రాజమండ్రిలో ఒక పెద్దాసుపత్రి. ఫిజియోథెరపీ గది పక్కన పాత స్టోరు గది ఉండేది. విరిగిన మంచాలు బయట పడేసి, వెల్ల వేసి, అందులో ఒక బల్లా అయిదారు ప్లాస్టిక్ కుర్చీలూ పెట్టారు. డాక్టరు చదువు ముగించి కొత్తగా వార్డుల్లోకి దిగిన హౌస్ సర్జన్లకి అక్కడ ఒక పని నేర్పుతారు. రోగం ఇక నయం కాదని ఇంటివాళ్ళకి ఎలా చెప్పాలి, చెప్పాక ఏం చెయ్యాలి అన్నది ఆ పని. ఆ క్లాసు డాక్టర్ జానకిరామ్ గారిది. చివరి రోజుల్లో ఉన్న రోగుల నొప్పీ బాధా చూసే విభాగం ఆయనదే. కానీ ఆయన మూలన కూర్చుని వింటారు తప్ప పెద్దగా మాట్లాడరు. రోగి భార్య కుర్చీలో కూర్చునేది వీరవేణి. ఆమె ఆ ఆసుపత్రిలో వార్డు ఆయా. యాభై ఒక్క ఏళ్ళు. అయిదో తరగతి దాకా చదివింది.

కిందటేడు కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు మొదటి రోజు కిరణ్ లేచాడు. మండపేటలో రైసుమిల్లు వాళ్ళబ్బాయి, క్లాసులో మొదటి వరస కుర్రాడు. వీరవేణి ముందు నిలబడి గడగడా చెప్పేశాడు.

"నమస్తే అమ్మా. మీ ఆయన కండిషన్ క్రిటికల్‌గా ఉంది. లివరూ కిడ్నీలూ రెండూ ఫెయిలయ్యాయి. ప్రోగ్నోసిస్ పూర్. మేం ట్రై చేస్తున్నాం కానీ గ్యారంటీ ఇవ్వలేం. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టండి."

"అయిపోయిందా బాబూ?"

"అయిపోయిందండి."

"ప్రోగ్నోసిస్ అన్నారు కదండీ. అది మన ఆసుపత్రి షాపులో దొరుకుద్దా, మా ఆయన తమ్ముణ్ణి బయటికి పంపి తెప్పించాలా?"

రోగం ఎటు పోతుందన్న అంచనాని మందనుకుందని గదిలో అందరూ నవ్వారు. కిరణ్ కూడా నవ్వాడు. వీరవేణి నవ్వలేదు.

"నవ్వకండి బాబూ. నిజంగానే చీటీ పట్టుకుని షాపుకెళ్తారు. నేను చూశాను. మీరు నుంచుని చెప్పారు. నుంచున్నవాడు వెళ్ళిపోవడానికి నుంచున్నాడనుకుంటాం. కూర్చోండి. ఫోను జేబులో పెట్టండి. ఇప్పుడు చెప్పండి."

ఆమె నేర్పేది అంతా ఇలాగే ఉండేది. పుస్తకంలో లేని కొలతలు ఆమెవి. కుర్చీ ఎంత దూరంలో వెయ్యాలి? మోకాళ్ళు తగలకూడదు, చెయ్యి చాపితే అందాలి. ఎక్కడ వెయ్యాలి? ఇంటివాళ్ళకి రోగి మంచం కనపడేలా. కనపడకపోతే సగం ధ్యాస అటే ఉంటుంది. అసలు మాట చెప్పాక ఎంతసేపు ఊరుకోవాలి? "నేను కొంగు సర్దుకునేదాకా. అప్పటిదాకా మీకు నోరు లేదనుకోండి" అనేది. చెప్పిన మరుక్షణం ఏదో ఒకటి మాట్లాడి ఆ ఖాళీని నింపెయ్యాలని ప్రతి కొత్త డాక్టరుకీ అనిపిస్తుంది. అలా మాట్లాడారంటే బల్ల మీద వేలితో కొట్టి ఆపేది.

వీరవేణిది కోటిపల్లి రేవు పక్కన చేపలు పట్టుకునే కుటుంబం. "వల చిరిగితే ముందు వేళ్ళతో తడిమి చూస్తామండి, ఎక్కడిదాకా చిరిగిందో. అది తెలిశాకే సూది. వాళ్ళకి ఎంతవరకు తెలుసో ముందు మీరు తడమండి" అని చెప్పేది. ఆ తడమడం జానకిరామ్ గారు మొదటిసారి చూసింది అయిదేళ్ళ కిందట, వరండాలో. పోలవరం వైపు నించి వచ్చిన ఒక ముసలావిడకి అప్పుడే ఒక డాక్టరు పది నిమిషాలు మాట్లాడి వెళ్ళిపోయాడు. ఆవిడ గోడకి ఆనుకుని బిత్తరచూపులు చూస్తోంది. అటుగా బెడ్‌పాన్ పట్టుకుని వెళ్తున్న వీరవేణి దాన్ని పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది.

"ముసలాయనకి అన్నం ఎవరు పెడుతున్నారు పిన్నీ?"

"నేనే."

"నిన్న ఎన్ని ముద్దలు తిన్నాడు?"

"రెండు."

"మొన్న?"

"నాలుగో అయిదో."

"ఆదివారం?"

"ఆదివారం కంచం ఖాళీ చేశాడు." అని ముసలావిడ ఆగిపోయింది. ముద్దలు తగ్గుతూ వచ్చిన లెక్క ఆవిడ నోటితో ఆవిడే చెప్పుకుంది. "ఇంక తిరిగి పెరగవా?" అంది. వీరవేణి "పెరగవు పిన్నీ" అంది. అంతే. జానకిరామ్ గారు వెనక నిలబడి ఇదంతా విన్నారు. మరుసటి వారమే ఆమెని స్టోరు గదికి పిలిచారు.

క్లాసులో ఆమెకి ఒక పట్టు ఉండేది. డాక్టరు కూర్చోగానే, ఏ మాటా మొదలెట్టక ముందు, ఇంటివాళ్ళని ఒక ప్రశ్న అడిగి తీరాలి: ఎవర్ని బయటికి పంపారు? పంపిన మనిషి తిరిగొచ్చేదాకా మొదలుపెట్టకూడదు. అడగడం మర్చిపోయిన వాళ్ళని ఆ రోజంతా మళ్ళీ మొదట్నించి చెప్పించేది. ఈ ప్రశ్న ఎందుకని కిరణ్ ఒకసారి అడిగాడు. "అడగాలి బాబూ, అంతే" అంది.

కారణం ఎవరికీ చెప్పలేదు. ఆమె భర్త బుల్లిరాజు పోయి పాతికేళ్ళయింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి వారం రోజులు వేరే ఊళ్ళో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ వారమూ మంచం పక్కన నేల మీద పడుకుని, ఒళ్ళు తుడిచి, గంజి పోసిందంతా వీరవేణే. అప్పుడు ఆమెకి ఇరవై ఆరేళ్ళు. చివరి రోజు పొద్దున డాక్టరు గుమ్మం దగ్గర నిలబడి బుల్లిరాజు అన్నగారితో ఏదో చెప్పాడు. బావగారు లోపలికొచ్చి, "అమ్మాయ్, వాడికి నోరెండిపోతోంది, కిందకెళ్ళి కొబ్బరి నీళ్ళు పట్టుకురా" అన్నాడు. ఆడమనిషి తట్టుకోలేదని ఆయన ఉద్దేశం. ఆ ఇళ్ళల్లో అది చెడ్డ ఉద్దేశం కాదు. ప్రాణం పోయే వేళకి పెళ్ళాన్ని పక్కకి తప్పించడం పెద్దవాళ్ళ బాధ్యత అనుకుంటారు. ఆమె రోడ్డు దాటి, లేత బోండం ఏరించి, ముక్క చెక్కించి, పైకెక్కేసరికి బుల్లిరాజు మీద దుప్పటి కప్పేసి ఉంది. ఆ బోండం చేతిలో పట్టుకునే శవంతో పాటు వ్యానులో ఊరికి వెళ్ళింది. కిందకి ఎప్పుడు దించిందో ఆమెకి గుర్తులేదు.

ఆ బ్యాచ్‌లో వెనకబడిన పిల్ల అశ్విని. రామచంద్రపురం నించి వచ్చింది. మందుల పేర్లూ మోతాదులూ తప్పు పోవు కానీ, ఎదుటి మనిషి కళ్ళలో నీళ్ళు కనపడగానే తనూ ఏడ్చేసేది. మూడు గురువారాలు వరసగా మాట మధ్యలో లేచి వెళ్ళిపోయింది. నాలుగో గురువారం వీరవేణి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏడవండి డాక్టరమ్మా, ఎవరొద్దన్నారు? కూర్చుని ఏడవండి. మీరు పారిపోతే నేనెవర్ని అడగాలి, ఇప్పుడేం చెయ్యాలని?"

"నాకు రాదండి ఇది. నేను స్కానింగ్ చదువుతాను. మనుషులతో మాట్లాడక్కర్లేదు."

"స్కానింగులో కనపడింది ఎవరికి చెప్తారు, గోడకా?"

అశ్విని ఏడుస్తూనే నవ్వింది. ఆ రోజు చివరిదాకా కూర్చుంది. కుర్చీ అంచుని కింద నించి గట్టిగా పట్టుకుంటే లేచి వెళ్ళకుండా ఉండగలుగుతున్నానని తర్వాత చెప్పింది.

ఆ ఏడు ఆగస్టు నెలాఖర్లో వీరవేణి అల్లుణ్ణి ఆసుపత్రికి తెచ్చారు. సురేంద్ర ఆమె అన్న కొడుకే. చిన్నప్పటి నించీ "అత్తా, అత్తా" అంటూ ఆమె వెనకాలే తిరిగినవాడు. కూతురు నాగదుర్గని అతనికే ఇచ్చి చేసింది. ముప్పై ఏడేళ్ళవాడు. రేవులో ఇంజను బోటు నడుపుతాడు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి, కాళ్ళు సన్నబడ్డాయి, పొట్టలో నీరు చేరింది. ఊళ్ళో రెండు నెలలు కామెర్లకి ఆకు పసరు పోయించారు. పరీక్షలన్నీ అయ్యాక జానకిరామ్ గారు వీరవేణిని తన గదికి పిలిచి, తలుపు వేసి, కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చున్నారు. ఆ కుర్చీ లాగిన తీరుకే ఆమెకి అర్థమైపోయింది.

కాలేయంలో కేన్సరు. అప్పటికే పొట్టంతా పాకింది. ఆయన చెప్పి ఊరుకున్నారు. ఆమె కొంగు సర్దుకుంది.

"ఎన్నాళ్ళండి?"

"రెండు వారాలు కావచ్చు. అంతకంటే తక్కువైనా కావచ్చు. నాగదుర్గని పిలవనా?"

"వద్దు సార్. నేను చెప్తానండి. నా కూతురు. ఈ పని నాకంటే బాగా ఎవరు చేస్తారు చెప్పండి?"

ఆయన సరేనన్నారు. తనకి తెలిసిన వాళ్ళలో ఈ పని బాగా వచ్చిన మనిషి ఆమే కదా అనుకున్నానని ఆయన తర్వాత ఒప్పుకున్నారు.

నాగదుర్గ వరండా చివర కుళాయి దగ్గర గ్లాసు తోముతోంది. తల్లిని చూసి ఆపింది.

"ఏమన్నారమ్మా?"

అయిదు అడుగుల దూరం. ఆ దూరంలో ఏం జరిగిందో వీరవేణి తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకే తెలియలేదు. నోట్లోంచి వచ్చింది ఇది: "కామెర్లేనంట. బాగా ముదిరాయంట. పత్యం గట్టిగా చెయ్యాలంట."

పత్యం అని ఏ డాక్టరూ చెప్పలేదు. కూతురి చేతికి ఏదో ఒక పని ఇవ్వాలని ఆ మాట దానంతటదే వచ్చింది. నాగదుర్గ మొహం తేటపడింది. పత్యం ఆమె చేతిలో పని. ఆ సాయంత్రమే ఎదురుసందులో తెలిసినవాళ్ళింట్లో చిన్న పొయ్యి సంపాదించింది. ఉప్పు లేదు, నూనె లేదు, పులుపు లేదు. పొద్దునా సాయంత్రం బియ్యపు జావ, మధ్యలో కొబ్బరి నీళ్ళు.

"ఒసే దుర్గా, ఈ జావ మన బోటు ఇంజనులో పోసినా స్టార్టవ్వదే" అనేవాడు సురేంద్ర.

"తాగు బావా. వేషాలెయ్యకు."

"బొమ్మిడాయి చేపల పులుసు ఒక్క ముద్ద. ఒట్టు, ఒక్కటంటే ఒక్కటి. మా అమ్మని పంపమని ఫోను చేస్తాను."

"నోర్ముయ్. కామెర్లు తగ్గాక నువ్వే పట్టుకురా, నేనే వండుతా. ఇప్పుడు ఉప్పురాయి నాలిక్కి తగిలిందో, చంపేస్తాను."

పక్క మంచాలవాళ్ళు నవ్వేవారు. వీరవేణి చేతిలో ఏదుంటే అది పట్టుకుని అక్కణ్ణించి కదిలిపోయేది.

ఒకరోజు నాగదుర్గ జావ కాచడానికి వెళ్ళినప్పుడు సురేంద్ర ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అత్తా, ఇవి కామెర్లేనా?"

"కామెర్లేరా."

అతను ఆమె మొహం వంక కాసేపు చూశాడు. "అయితే సరే" అని కళ్ళు మూసుకున్నాడు.

ఆ మధ్యలో ఒక గురువారం వచ్చింది. వీరవేణి మామూలుగానే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఒక కుర్రాడు ఆమె భర్త చనిపోతాడని చక్కగా చెప్పాడు. ఆమె తప్పులేమీ పట్టలేదు. క్లాసయ్యాక జానకిరామ్ గారు, "నాగదుర్గకి చెప్పారా?" అని అడిగారు.

"రేపు చెప్తానండి."

మర్నాడు కూడా అదే మాట అంది. అలా తొమ్మిది రోజులు గడిచాయి.

పదో రోజు పొద్దున ఎనిమిదింటికి డ్యూటీలోకి వచ్చి అల్లుడి మంచం దగ్గరికి వెళ్ళింది. ఊపిరి మారింది. నాలుగు గబగబా తీస్తున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ నాలుగు తీస్తున్నాడు. ఆ ఊపిరి ఆమెకి తెలుసు. కొన్ని వందల మంచాల దగ్గర విన్నది. నాగదుర్గ అతని అరికాళ్ళు రుద్దుతోంది.

"రాత్రి నించీ చల్లగా ఉన్నాయమ్మా. జావ కూడా గుటక వెయ్యలేదు."

"దుర్గా, కిందకెళ్ళి కొబ్బరి నీళ్ళు పట్టుకురా."

"ఇప్పుడా? మింగడమే లేదంటుంటే."

"నోరెండిపోతోంది వాడికి. లేతది చూసి కొట్టించు. ఎల్లు."

నాగదుర్గ కాళ్ళకి దుప్పటి కప్పి వెళ్ళింది.

అశ్విని ఆ వార్డులోనే డ్యూటీలో ఉంది. వచ్చి నాడి చూసింది, ఊపిరి చూసింది. పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎంతసేపు డాక్టరమ్మా?" అంది వీరవేణి. "నిజం చెప్పండి. నాకు చెప్పడానికి మీకేం భయం లేదు."

అశ్విని చెప్పలేదు. మంచానికి అటువైపు చూసింది, ఇటువైపు చూసింది. జావ గ్లాసు ఉంది, నాగదుర్గ చెప్పులు లేవు.

"వీరవేణి గారూ, ఎవర్ని బయటికి పంపారు?"

నాలుగేళ్ళుగా ఆమె ఎంతోమంది చేత పలికించిన మాట. వీరవేణి నోరు తెరిచింది. "కొబ్బరి" అని ఆగిపోయింది. తన నోట్లోంచి పాతికేళ్ళ కిందటి బావగారి మాట, నోరెండిపోతోంది అన్న సాకుతో సహా, అచ్చంగా అలాగే వచ్చిందని అప్పుడు తెలిసింది.

"నేను ఈయన దగ్గర కూర్చుంటాను. ఇంకా టైముంది. మీరు వెళ్ళి తీసుకురండి" అంది అశ్విని.

మెట్లు ఎలా దిగిందో తెలియదు. గేటు బయట కొబ్బరి బోండాల బండి చుట్టూ ముగ్గురున్నారు. నాగదుర్గ వాళ్ళ మధ్య నిలబడి బండివాడితో తగువు పడుతోంది. "ముదురుది అంటగట్టకు, ఆసుపత్రిలో మనిషికి. ఆ పక్కది, ఆ, అదీ." వీరవేణి ఆమె మణికట్టు పట్టుకుంది.

"రా."

"చెక్కుతున్నాడమ్మా, ఉండు."

"రా అమ్మా."

బండివాడు చెక్కిన బోండం నాగదుర్గ చేతిలో పెట్టాడు. మెట్లెక్కుతున్నంతసేపూ తల్లి ఆమె మణికట్టు వదల్లేదు.

నర్సుల గదిలో అశ్విని మూడు కుర్చీలు వేసి ఉంచింది. తలుపు తీసే ఉంది. అక్కణ్ణించి సురేంద్ర మంచం కనపడుతోంది. మంచం దగ్గర ఒక సిస్టరుని కూర్చోబెట్టింది. తన ఫోను ఆమెకే ఇచ్చేసింది.

"నాగదుర్గ గారూ, మీ ఆయన నిన్న జావ ఎంత తాగారు?"

"రెండు చెంచాలండి."

"మొన్న?"

"పావు గ్లాసు."

"మంగళవారం?"

"సగం. మొదలెట్టిన రోజు గ్లాసుడు తాగాడండి, తిట్టుకుంటూ." నాగదుర్గ ఆగింది. "పత్యం పనిచెయ్యట్లేదా అండి?"

"ఇవి కామెర్లు ఒక్కటే కాదండి. కాలేయంలో కేన్సరు. దాన్ని తగ్గించే మందు మా దగ్గర లేదు, ఎక్కడా లేదు. మీ ఆయన చనిపోతున్నారు. ఇవాళో రేపో."

చెప్పి ఊరుకుంది. అశ్విని కళ్ళ నించి నీళ్ళు కారుతున్నాయి. కుర్చీ అంచుని కింద నించి పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. లేవలేదు. నాగదుర్గ ఒళ్ళో బోండం పక్కకి వంగి నీళ్ళు చీర మీద పడుతున్నాయి. ఎవరూ దాన్ని నిలబెట్టలేదు.

చాలాసేపటికి నాగదుర్గ తల తిప్పింది, డాక్టరు వైపు కాదు.

"నీకెప్పుడు తెలుసు?"

"తొమ్మిది రోజులైంది."

"తొమ్మిది రోజులు" అంది నాగదుర్గ. "ఉప్పులేని జావ పోశాను. ఒక్క ముద్ద పులుసు అడిగితే చంపేస్తానన్నాను. నువ్వు అక్కడే ఉన్నావు. విన్నావు."



అశ్విని నాగదుర్గ వైపు వంగి అడిగింది. "ఇప్పుడు మీకేం కావాలి నాగదుర్గ గారూ? ఆయనకేం ఇష్టం?"

"ఇంటికి తీసుకెళ్తాను. ఊపిరుండగా."

జానకిరామ్ గారు వచ్చారు. నొప్పికీ ఆయాసానికీ నాలుక కింద వెయ్యడానికి చుక్కల మందు ఇచ్చి, ఏ గంటకి ఎన్ని చుక్కలో నాగదుర్గ చేత రెండుసార్లు చెప్పించుకున్నారు. ఏ వేళకైనా తనకి ఫోను చెయ్యమన్నారు. అంబులెన్సు ధవళేశ్వరం దాటి, రామచంద్రపురం మీదుగా మధ్యాహ్నానికి కోటిపల్లి చేరింది. దారంతా నాగదుర్గ అతని తల ఒళ్ళో పెట్టుకుంది. వీరవేణి డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక చోటు లేక కాదు.

సురేంద్ర తల్లి పాపాయమ్మ అప్పటికే బొమ్మిడాయిలు తెప్పించి ఉంచింది. నాగదుర్గ ఎవర్నీ పొయ్యి దగ్గరికి రానివ్వకుండా తనే కడిగి, తనే వండింది. మింగలేడు కాబట్టి పులుసులో వేలు ముంచి నాలుక మీద రాసింది. సురేంద్ర కళ్ళు తెరిచాడు. చప్పరించాడు.

"ఉప్పు తక్కువైందే" అన్నాడు.

నాగదుర్గ అప్పుడు ఏడ్చింది, ఆసుపత్రిలో ఏడవనిదంతా. అతను ఆగి ఆగి మాట్లాడాడు. "నాకు తెలుసే. అత్త మొహం చూసినప్పుడే తెలిసింది. నువ్వు సంబరంగా జావ కాస్తన్నావని ఊరుకున్నా."

ఇద్దరికీ తెలిసి ఉంటే ఆ తొమ్మిది రోజుల్లో ఏమేం మాట్లాడుకునేవారో ఎవరు చెప్పగలరు. ఇక మాటకి ఓపిక లేదు. మిగిలింది ఒక సాయంత్రం, ఒక పొద్దు.

మర్నాడు మధ్యాహ్నం ఊపిరికీ ఊపిరికీ మధ్య బాగా ఎడం వచ్చింది. ఇంటినిండా జనం. ఎవరో పెద్దాయన, "పిల్లని పక్కింటికి పంపండ్రా. ఆ అమ్మాయిని కూడా కాస్త అవతలికి తీసుకెళ్ళండి" అన్నాడు. పిల్ల అంటే సురేంద్ర కూతురు పావని, తొమ్మిదేళ్ళది.

"ఎవర్నీ ఎక్కడికీ పంపొద్దు" అంది నాగదుర్గ. గట్టిగా అనలేదు కానీ అందరికీ వినపడింది. పావనిని దగ్గరికి లాక్కుని, తండ్రి చెయ్యి ఆ పిల్ల చేతిలో పెట్టింది. చెంచాతో రెండు చుక్కల నీళ్ళు అతని పెదవుల మధ్య పోసింది. వీరవేణి గడప దగ్గర నిలబడి ఉంది. లోపలికి రమ్మని కూతురు పిలవలేదు, వెళ్ళమనీ అనలేదు. రెండింటి నలభైకి ఊపిరి ఆగింది.

పదకొండో రోజు అయ్యాక వీరవేణి బ్యాగు సర్దుకుంటుంటే నాగదుర్గ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వు డాక్టర్లకి బాగా నేర్పుతావంట కదా. వచ్చినవాళ్ళందరూ అన్నారు."

వీరవేణి సర్దిన చీర బ్యాగులోంచి తీసి మళ్ళీ మడత పెట్టింది.

"అశ్విని గారు బాగా చెప్పారు. నువ్వే నేర్పావంట. ఆ సంగతి ఆవిడే చెప్పారు." ఆగి, "బస్సుకి టైమైంది, వెళ్ళు" అంది.

ఇది జరిగి ఏడాది దాటింది. నాగదుర్గ పావని చదువు గురించి ఫోను చేస్తుంది. పాపాయమ్మ ఆరోగ్యం గురించి చెబుతుంది. తల్లి ఊరికి వెళ్తే అన్నం పెడుతుంది. ఆ తొమ్మిది రోజుల మాట మాత్రం ఇద్దరి మధ్యా ఇంతవరకు రాలేదు. సురేంద్ర పోయాక ఆ ఇంట్లో ఉప్పు గిన్నె ఎప్పుడూ కంచం పక్కనే ఉంటోంది, కూరలో సరిపోయినా సరే. ఎవరూ దాన్ని తియ్యరు.

వీరవేణి నెల రోజులు స్టోరు గది వైపు వెళ్ళలేదు. తర్వాత ఒక గురువారం తనే వెళ్ళి జానకిరామ్ గారితో, "నేనింక భార్యగా కూర్చోలేనండి" అంది. మానేస్తుందేమోనని ఆయన అనుకున్నారు. "అన్నీ తెలిసి కూతురి దగ్గర దాచిన తల్లిగా కూర్చుంటాను. మన డాక్టర్లకి ఆ తల్లి ఎదురైతే ఏం చెయ్యాలో తెలీదు. నాకూ తెలీదు."

ఆ రోజు ముందుకొచ్చిన కుర్రాడు కొత్త బ్యాచ్‌వాడు, గణేష్‌బాబు. ఆమె సంగతి అతనికి తెలియదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ లాక్కుని, మోకాళ్ళు తగలకుండా కూర్చున్నాడు.

"అమ్మా, ముందొక మాట. ఎవర్ని బయటికి పంపారు?"

"నా కూతుర్నండి."

"ఎందుకమ్మా?"

"కొబ్బరి నీళ్ళకి."

గణేష్‌బాబు తలుపు వైపు చూశాడు. "సరేనండి. ఆవిడ వచ్చేదాకా ఆగుదాం."

అతను నిజంగానే ఆగాడు. జానకిరామ్ గారు ఆపమనలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. వీరవేణి కొంగు ఒళ్ళోనే ఉంది. ఆమె చేతులు దాని మీదికి వెళ్ళలేదు, తలుపు వైపే చూస్తూ కూర్చుంది.